వెలుతురు ఎక్కడ పడాలి? బెంగళూరు రహదారి దీపాల ప్రణాళికలో చిక్కుముడులు

బెంగళూరు అవుటర్ రింగ్ రోడ్డు వెంట ఉన్న అపార్టుమెంటు సంఘాల సమావేశాల్లో వీధిదీపాల మాట వస్తే రెండు ఫిర్యాదులు వినిపిస్తాయి. రోడ్డు చీకటిగా ఉందని ఒకరంటే, దీపాల వెలుగు కళ్లలో పొడుస్తోందని మరొకరంటారు. ఇద్దరూ చెప్పేది ఒకే రోడ్డు గురించి, ఒక్కోసారి ఒకే స్తంభం గురించి. ఇద్దరి మాటా నిజమే. దీపం వాట్లు పెంచితే రెండో ఫిర్యాదు పెరుగుతుంది, తగ్గిస్తే మొదటిది పెరుగుతుంది. దీపం ఎంత పెద్దదన్న ప్రశ్నకు ముందు దాని వెలుతురు ఎక్కడ పడుతోందని అడగకపోవడమే ఈ చిక్కుకు మూలం. అలంకరణ దీపాల దగ్గర ఇది మరీ ముదురుతుంది, ఎందుకంటే రోడ్డు పని అంతా ముగిశాక వేరే టెండరు మీద వేరే కాంట్రాక్టరు వచ్చి వాటిని తగిలిస్తాడు. వీధిదీపాన్నీ అలంకరణ దీపాన్నీ మొదటి రోజునే ఒకే నక్షా మీద, ఒకే లెక్కతో గీయాలన్నది నా అభిప్రాయం. అందుకు కారణాలు అర్థం కావాలంటే ముందు ఆ లెక్క తెలియాలి.

మన దేశంలో వీధిదీపాలకు చాలాకాలంగా ఆధారం ఐఎస్ 1944 అనే భారతీయ ప్రమాణం. అది రోడ్లను తరగతులుగా విభజించి, రోడ్డు మీద సగటున ఎంత కాంతి పడాలో, ఒక చదరపు మీటరు మీద పడే కాంతికి కొలత అయిన లక్స్‌లలో చెబుతుంది. వాహనాలు వేగంగా, ఒత్తుగా తిరిగే ప్రధాన రహదారులు ఏ1 తరగతిలోకి వస్తాయి, వాటికి 30 లక్స్ కావాలి. ఏ2 రోడ్లకు 15, బీ1 రోడ్లకు 8, బీ2 రోడ్లకు 4 లక్స్ సరిపోతాయి. ఈ సంఖ్యల వరకు చాలామందికి తెలుసు కానీ, వీటి పక్కనే ఉండే రెండో సంఖ్య మీద పెద్దగా ఎవరి దృష్టీ పడదు. ఏ1, ఏ2 తరగతుల రోడ్ల మీద అత్యంత చీకటిగా ఉన్న చోట పడే కాంతి, సగటు కాంతిలో 0.4 వంతుకు తగ్గకూడదు. బీ తరగతిలో ఈ హద్దు 0.3. అంటే 30 లక్స్ రోడ్డు మీద ఏ మూలకు వెళ్లినా కనీసం 12 లక్స్ ఉండాలి. దీపం కింద 70 లక్స్, రెండు దీపాల నడుమ 4 లక్స్ ఉన్న రోడ్డుకు సగటు బాగానే రావచ్చు, కానీ దాని మీద బండి నడిపేవాడికి రోడ్డంతా వెలుగు మడుగులుగా, చీకటి మడుగులుగా కనిపిస్తుంది. ఒక వెలుగు మడుగులోంచి చీకట్లోకి దిగిన ప్రతిసారీ కన్ను సర్దుకోవడానికి కొంత సమయం తీసుకుంటుంది, ఆ సమయంలో బండి కొన్ని మీటర్లు ముందుకు పోయి ఉంటుంది.

లెక్క ఎలా వేస్తారో ఒక ఉదాహరణలో చూద్దాం. ఒక దిశలో మూడు వరుసల రోడ్డు, వెడల్పు 10.5 మీటర్లు, స్తంభాల మధ్య దూరం 30 మీటర్లు అనుకుందాం. స్తంభానికి 120 వాట్ల ఎల్‌ఈడీ దీపం బిగించామని, అది వాటుకు 130 ల్యూమెన్ల (దీపం ఇచ్చే మొత్తం కాంతికి కొలత) చొప్పున 15,600 ల్యూమెన్లు ఇస్తుందని అనుకుందాం. ఇందులో రోడ్డు మీద పడేది అంతా కాదు. కొంత ఫుట్‌పాత్ మీదికి, కొంత ఎదురింటి గోడ మీదికి, కొంత ఆకాశంలోకి పోతుంది. దీపం కోణాన్ని, కటకాన్ని బట్టి 45 శాతం రోడ్డుకు దక్కుతుందని తీసుకుంటే 7,020 ల్యూమెన్లు మిగులుతాయి. దుమ్ము పేరుకోవడం, ఎల్‌ఈడీ వయసు మీరడం వంటి నష్టాలకు మరో 30 శాతం తీసేస్తే మిగిలేవి 4,914. దీన్ని ఒక్కో దీపం వాటాకు వచ్చే 315 చదరపు మీటర్లతో భాగిస్తే సగటు 15.6 లక్స్ వస్తుంది. ఏ2 రోడ్డుకు ఇది చాలు, ఏ1 రోడ్డుకు సగమే. 30కి చేరడానికి రెండు దారులున్నాయి: అదే స్తంభం మీద రెట్టింపు కాంతినిచ్చే దీపం పెట్టడం, లేదా రోడ్డుకు రెండో వైపు కూడా స్తంభాలు వేయడం. మొదటిది చవక, టెండర్లలో ఎక్కువగా గెలిచేదీ అదే. అయితే దానివల్ల సగటు పెరుగుతుందే తప్ప వెలుగు పరుచుకునే తీరు మారదు, కంటికి తగిలే పొడుపు మాత్రం పెరుగుతుంది. ఆ సమావేశంలోని రెండు ఫిర్యాదులూ ఒకే స్తంభం దగ్గర పుట్టడానికి కారణం ఇదే.

స్తంభం ఎత్తుకూ రోడ్డు వెడల్పుకూ ఉన్న సంబంధం కూడా ఇక్కడే తెలుసుకోవాలి. వెడల్పు దీపం ఎత్తును మించనంత వరకు ఒక వైపు స్తంభాలు సరిపోతాయి. వెడల్పు ఎత్తుకు ఒకటిన్నర రెట్ల వరకు ఉంటే రెండు వైపులా మార్చి మార్చి వేయాలి, అంతకు మించితే ఎదురెదురుగా వేయాలి. మన ఉదాహరణలో స్తంభం 9 మీటర్లదైతే 10.5 మీటర్ల రోడ్డుకు ఒకవైపు వరుస చాలదన్నమాట. స్తంభాల మధ్య దూరం సాధారణంగా ఎత్తుకు మూడు నాలుగు రెట్లలోపు ఉంచుతారు. ఇవన్నీ స్థూల సూత్రాలే. చివరి నిర్ణయం దీపం కటకం వెలుగును ఏ ఆకారంలో పరుస్తుందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది, అందుకే తయారీదారు ఇచ్చే కాంతి వితరణ ఫైలుతో కంప్యూటరులో రోడ్డునంతా గీసి చూడకుండా స్తంభాల గోతులు తవ్వకూడదు.

లక్స్ అన్నది రోడ్డు మీద పడే కాంతి. డ్రైవరు కంటికి కనిపించేది రోడ్డు మీద పడి తిరిగి అతని వైపు వచ్చే కాంతి. ఈ రెండింటికీ తేడా ఉన్నందువల్లే అంతర్జాతీయ ప్రమాణాలు వాహనాల రోడ్లకు రెండోదాన్నే కొలమానంగా తీసుకుంటాయి. కొత్త తారు రోడ్డు నల్లగా ఉండి కాంతిని మింగేస్తుంది, సిమెంటు రోడ్డు ఎక్కువగా తిప్పి పంపుతుంది. బెంగళూరులో పలు ప్రధాన రోడ్లకు వైట్ టాపింగ్ పేరుతో సిమెంటు పొర వేశారు. ఆ రోడ్లకు తారు రోడ్ల నాటి వాట్లే కొనసాగించడం అనవసరపు ఖర్చు. ఇక వానాకాలంలో పరిస్థితి పూర్తిగా తిరగబడుతుంది. తడిసిన రోడ్డు అద్దంలా మారి దీపాల ప్రతిబింబాలను పొడవాటి చారలుగా చూపిస్తుంది, ఆ చారల మధ్య రోడ్డు మరింత నల్లబడుతుంది, నీళ్లు నిండిన గుంత చుట్టూ ఉన్న రోడ్డు కన్నా మెరుస్తూ భద్రమైన చోటులా కనిపిస్తుంది. గీతలు పడిన హెల్మెట్ అద్దంలోంచి చూసే ద్విచక్రవాహనదారుకు ఇది ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు. దీపం పొడుపు వల్ల చూపు ఎంత తగ్గుతుందో లెక్కగట్టే పద్ధతి ఉంది, ప్రధాన రహదారుల మీద ఆ నష్టం 10 నుంచి 15 శాతం దాటకూడదని ప్రమాణాలు కోరతాయి. వయసు పెరిగేకొద్దీ కంటి లోపల కాంతి చెదరడం పెరుగుతుంది గనుక అదే దీపం అరవై ఏళ్లవారిని ఇరవై ఏళ్లవారికన్నా ఎక్కువ బాధిస్తుంది.

ఇంతవరకు చెప్పిందంతా బండి నడిపేవారి గురించి. నడిచేవారి సంగతి వేరు, నాకు మనసులో ఎక్కువగా ఉన్నదీ వారి సంగతే. మారతహళ్లి వంతెన దగ్గర రాత్రి తొమ్మిది దాటాక హైదరాబాదు, విజయవాడ, నెల్లూరు, తిరుపతి వెళ్లే ప్రైవేటు బస్సుల కోసం మనవాళ్లు గుంపులుగా నిలబడి ఉంటారు. పండుగ ముందు రోజుల్లో ఆ గుంపు ఫుట్‌పాత్ దాటి సర్వీస్ రోడ్డు మీదికి వస్తుంది. చంకలో పిల్ల, కాళ్ల దగ్గర రెండు సూట్‌కేసులు, చేతిలో ఫోను. బస్సు నంబరు కనిపిస్తుందేమోనని అంచు దాటి ఒక అడుగు ముందుకు వేస్తారు. డివైడరు మీద జంట చేతుల స్తంభాలు వేసిన రహదారుల్లో వెలుగంతా ప్రధాన రోడ్డు మీదే పడి సర్వీస్ రోడ్డు దాని నీడలో మిగిలిపోతుంది. నక్షా మీద రోడ్డుకు 30 లక్స్ వచ్చి ఉంటుంది. మనుషులు నిలబడే చోటు ఆ నక్షాలోనే ఉండదు.

పైగా మనిషి కనబడాలంటే నేల మీద పడే కాంతి సరిపోదు, నిలువుగా ఉన్న ఒంటి మీద, ముఖం మీద కాంతి పడాలి. తల మీదుగా నిటారుగా పడే వెలుగులో నేల తెల్లగా, మనిషి నల్లని ఆకారంగా కనిపిస్తాడు. జీబ్రా క్రాసింగ్ దగ్గర దీపాన్ని సరిగ్గా దాని పైన కాక, వాహనం వచ్చే వైపున కొన్ని మీటర్ల ముందు పెట్టమనడానికి కారణం ఇదే; అప్పుడు దాటే మనిషి ఒంటి మీద డ్రైవరుకు కనిపించే వైపు వెలుగు పడుతుంది. బస్సు ఎక్కే చోట్లకు, ఆటోలు ఆగే చోట్లకు, మెట్రో మెట్లు దిగే చోట్లకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. అందువల్ల ఫుట్‌పాత్‌కు 4 నుంచి 6 మీటర్ల ఎత్తున ప్రత్యేకంగా చిన్న స్తంభాలు వేయడం సౌందర్యం కోసం చేసే ఖర్చుగా చూడకూడదు. ఒంటరిగా పీజీ హాస్టలుకు నడిచి వెళ్లే అమ్మాయికి ఎదురుగా వస్తున్న మనిషి ముఖం తగినంత దూరం నుంచే తెలియాలి, ఆ పని 9 మీటర్ల స్తంభం చేయలేదు.

ఈ చిన్న స్తంభాల అవసరాన్ని బెంగళూరులో చెట్లు ఇంకా పెంచుతాయి. నిద్రగన్నేరు, తురాయి, కానుగ చెట్ల కొమ్మలు రోడ్డు మీదికి గొడుగులా పరుచుకున్న వీధుల్లో ఎత్తైన స్తంభం దీపం ఆకుల పైభాగాన్ని వెలిగిస్తుంది, నేల చీకటిగానే ఉంటుంది. అప్పుడు కొమ్మలు కొట్టేయమన్న కోరిక వస్తుంది. కర్ణాటకలో 1976 నాటి వృక్ష సంరక్షణ చట్టం ప్రకారం అందుకు వృక్షాధికారి అనుమతి కావాలి, అది సరైన నిబంధనే. చెట్టును కొట్టే బదులు దీపాన్ని కొమ్మల కిందికి దించాలి, లేదా చేయి పొడవు పెంచి కొమ్మల అంచు దాటించాలి, లేదా స్తంభాన్ని రెండు చెట్ల నడిమికి జరపాలి. ఇవి మూడూ నక్షా దశలో ఖర్చు లేని పనులు, స్తంభం పాతాక ఖరీదైన పనులు. కాబట్టి దీపాల సర్వేలో మొదట గుర్తించాల్సింది చెట్లను, వాటితోపాటు నేల కింద ఏమేం పోతున్నాయో దాన్ని. రెసిడెన్సీ రోడ్డు, సెయింట్ మార్క్స్ రోడ్డు వంటి వాటిని టెండర్‌ష్యూర్ పద్ధతిలో తిరిగి కట్టినప్పుడు నీటి గొట్టాలకు, కరెంటు కేబుళ్లకు, టెలిఫోన్ తీగలకు ఫుట్‌పాత్ కింద వేర్వేరు దారులు కేటాయించారు. ఆ రోడ్ల మీద స్తంభం పాతడానికి మళ్లీ రోడ్డు పగలగొట్టనక్కర్లేకపోవడం ఆ ఏర్పాటు వల్లే. స్తంభం నిలిచాక కూడా ఫుట్‌పాత్ మీద కనీసం 1.8 మీటర్ల నడిచే జాగా ఖాళీగా మిగలాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెబుతుంది. స్తంభం మొదలు చుట్టూ సిమెంటు దిమ్మె కట్టి ఆ జాగాను మింగేయడం చాలాచోట్ల కనిపించే దోషం.

మెట్రో వచ్చిన రోడ్ల మీద మరో చిక్కు ఉంది. కె.ఆర్.పురం నుంచి వైట్‌ఫీల్డ్ మెట్రో 2023 మార్చిలో మొదలైంది. హూడి, కుందలహళ్లి వైపు రోడ్డు నడుమ దాని స్తంభాలు లేచాక డివైడరు మీద దీపాలకు చోటే లేకుండా పోయింది. పైన మెట్రో దారి, కింద లావాటి స్తంభాల వరుస ఉన్న రోడ్డుకు మామూలు వీధి నమూనా పనిచేయదు. పక్కనుంచి వేసిన వెలుగుకు ప్రతి స్తంభం వెనుక ఒక నీడ పడుతుంది, రోడ్డు దాటే మనిషి ఆ నీడలోంచే బయటికి వస్తాడు. మెట్రో దారి అడుగున దీపాలు బిగించి ఆ నీడను చెరపాలి, అయితే ఆ కట్టడం మెట్రో సంస్థది, రోడ్డు నగరపాలికది, విద్యుత్తు పంపిణీ సంస్థ బెస్కాంది. ఈ ముగ్గురి ఒప్పందం ముందే కుదరకపోతే ఆ నీడ ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది.

కాంతి రంగు విషయంలో మన ఊళ్లలో ఒక తరం మార్పు కళ్లముందే జరిగింది. కాంతి రంగును కెల్విన్లలో కొలుస్తారు, ఆ అంకె పెరిగేకొద్దీ వెలుగు పసుపు నుంచి నీలి తెలుపు వైపు పోతుంది. పసుపు పచ్చని సోడియం దీపాల కాంతి సుమారు 2,000 కెల్విన్లది, ఆ వెలుగులో ఎర్ర చీరకూ గోధుమరంగు చీరకూ తేడా తెలిసేది కాదు. 2015 జనవరిలో కేంద్రం వీధిదీపాల జాతీయ కార్యక్రమం మొదలుపెట్టాక ఎల్‌ఈడీలు వేగంగా వచ్చాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వీధిదీపాలను నేలమట్టం చేసిన విశాఖపట్నం, తిరిగి నిలబెట్టేటప్పుడు ఎల్‌ఈడీలకు మారిన తొలి నగరాల్లో ఒకటి. విద్యుత్తు ఆదా నిజమే, రంగులు తెలియడమూ నిజమే. అయితే ఆ ఊపులో చాలాచోట్ల 5,700 కెల్విన్లకు పైబడిన నీలి తెలుపు దీపాలు పెట్టేశారు. నీలి కాంతి గాలిలో ఎక్కువగా చెదిరి ఆకాశాన్ని వెలిగిస్తుంది, కంటికి ఎక్కువగా పొడుస్తుంది, రాత్రి నిద్రకు సంబంధించిన శరీర గడియారాన్ని ఎక్కువగా కదిలిస్తుంది. ప్రధాన రోడ్డుకు 4,000, ఇళ్ల మధ్య వీధులకు, ఫుట్‌పాత్‌లకు 3,000 లేదా అంతకన్నా తక్కువ కెల్విన్లు చాలు.

ఇప్పుడు అలంకరణ దీపాల సంగతి. స్తంభం చుట్టూ పాములా చుట్టిన రంగుల పట్టీలు, చెట్ల మొదళ్లకు కట్టిన సీరియల్ లైట్లు, ఫ్లైఓవర్ అంచున రంగులు మారుతూ పరుగెత్తే గీతలు మన నగరాలన్నిటికీ పరిచయమే. అందం నగరానికి అవసరమని నేను నమ్ముతాను. ఆదివారం సాయంత్రం దీపాలతో వెలిగే విధానసౌధను చూపించడానికి ఊరి నుంచి వచ్చిన చుట్టాలను తీసుకెళ్లని తెలుగు కుటుంబం బెంగళూరులో అరుదు. అయితే ఆ కట్టడం అందంగా కనిపించడానికి కారణం, దీపం దాగి ఉండి గోడ వెలగడం. స్తంభానికి చుట్టిన పట్టీలో గోడ లేదు, దీపమే నేరుగా కంట్లోకి చూస్తుంది. కాబట్టి రహదారి వెంట అలంకరణకు మొదటి సూత్రం ఏదైనా ఒక తలాన్ని వెలిగించడం: మెట్రో స్తంభం ఒంటిని, పాత రాతి గోడను, వంతెన అడుగు భాగాన్ని. ఇలా చేస్తే నిలువు తలాలు వెలిగి, వాటి ముందు నిలబడిన మనిషి ఆకారం స్పష్టంగా తెలుస్తుంది. అలంకరణ భద్రతకు కూడా పనికొస్తుంది.

రెండోది, ట్రాఫిక్ సిగ్నల్ కనిపించే దారిలో ఎరుపు, ఆకుపచ్చ, పసుపు రంగుల పట్టీలు ఉండకూడదు. దూరం నుంచి చూసినప్పుడు సిగ్నల్ ఆ రంగుల గుంపులో కలిసిపోతుంది, వాన పడుతున్నప్పుడు మరీను. మిణుకుమిణుకుమనేవి, పరుగెత్తేవి ప్రధాన రోడ్డు మీద వద్దేవద్దు; కదిలేదాని వైపు చూపు తనంతట తానే తిరుగుతుంది. చెట్లకు మేకులు కొట్టి, తాళ్లు బిగించి దీపాలు చుట్టడం వల్ల బెరడు కోసుకుపోతుంది, రాత్రంతా వెలుగు ఉండటంతో గూళ్లలోని పక్షులకు విశ్రాంతి ఉండదు.

ఖర్చు కూడా చిన్నది కాదు. వీధిదీపం ఏడాదికి సుమారు 4,000 గంటలు వెలుగుతుంది. స్తంభానికి 40 వాట్ల పట్టీ చుట్టి రాత్రంతా వెలిగిస్తే ఏడాదికి 160 యూనిట్లు. అదే సాయంత్రం ఆరున్నర నుంచి పదకొండు వరకే వెలిగిస్తే 66 యూనిట్లకు దిగుతుంది. ఇందుకు అలంకరణ దీపాలకు వేరే సర్క్యూటు, వేరే టైమరు ఉండాలి. ఒకే తీగ మీద రెండూ ఉంటే పట్టీలో వచ్చిన చిన్న లోపం వీధిదీపాన్ని కూడా ఆర్పేస్తుంది.

విద్యుత్ ఏర్పాటులో మరికొన్ని జాగ్రత్తలు ప్రాణాలకు సంబంధించినవి. ఫీడర్ పిల్లర్ (దీపాల వరుసకు కరెంటు పంచే పెట్టె) నుంచి వచ్చే మూడు ఫేజులను వరుస స్తంభాలకు ఒక్కొక్కటిగా పంచుకుంటూ పోవాలి, అప్పుడు ఒక ఫేజు పోయినా మూడింట రెండు వంతుల దీపాలు వెలుగుతూనే ఉంటాయి. ప్రతి స్తంభానికి ఎర్తింగ్, ప్రతి సర్క్యూటుకు కరెంటు లీకైతే వెంటనే ఆపే రక్షణ ఉండాలి. 2023 నవంబరులో కాడుగోడి దగ్గర హోప్ ఫార్మ్ కూడలిలో తెల్లవారకముందే ఫుట్‌పాత్ మీద పడి ఉన్న విద్యుత్ తీగను తొక్కి ఒక తల్లి, ఆమె చేతిలోని పసిబిడ్డ చనిపోయారు. అది వీధిదీపం తీగ కాదు. అయినా నడిచేవారి కాళ్ల ఎత్తులో, చేతుల ఎత్తులో తీగలు చుట్టే ప్రతి అలంకరణ నక్షాను ఆ సంఘటనను గుర్తుంచుకునే పరిశీలించాలి. చేతికందే ఎత్తులో అతుకులు ఉండకూడదు, స్తంభం మూత స్క్రూలతో మూసి ఉండాలి, మనిషి ఎత్తులోని పట్టీలు తక్కువ వోల్టేజీవి కావాలి.

పండుగల ఏర్పాటు కూడా ఈ నక్షాలోనే ఉండాలి. వినాయక చవితికి, దసరాకు, కన్నడ రాజ్యోత్సవానికి, శ్రీరామనవమి పందిళ్లకు, కార్తీకంలో బసవనగుడి శనక్కాయల పరుషకు (జాతరకు) వీధుల్లో సీరియల్ లైట్లు కట్టడం ఆగదు, ఆగకూడదు కూడా. చోటు ఇవ్వకపోతే స్తంభానికి కొక్కెం తగిలించి కరెంటు లాగుతారు. పరుష జరిగే వీధుల్లో, పందిళ్లు వేసే కూడళ్లలో కొన్ని స్తంభాలకు 3 మీటర్ల ఎత్తున తాళం ఉన్న సాకెట్ పెట్టె, దానికి సొంత మీటరు, లీకేజీ రక్షణ బిగించి ఉంచితే, నిర్వాహకులు డబ్బు కట్టి తీసుకునే వీలుంటుంది. కేబుల్ మందాన్ని ఆ అదనపు భారానికి సరిపడేలా మొదటే ఎంచుకుంటే సరి.

ఇక చివరిగా నిర్వహణ. ఎల్‌ఈడీ చిప్ చాలా ఏళ్లు బతుకుతుంది, దానికి కరెంటు అందించే డ్రైవరు అన్నేళ్లు బతకదు. ఏప్రిల్, మే నెలల్లో ఉరుములతో వచ్చే వానలకు విద్యుత్ పోటు తగిలి డ్రైవర్లు కాలిపోతాయి. అందుకే 10 కిలోవోల్టుల పోటు రక్షణ అడగాలి. దుమ్ముకు, వయసుకు కలిపి 30 శాతం తీసేశామని లెక్కలో రాసుకున్నామంటే దీపాలను క్రమం తప్పకుండా కడుగుతామని మాటిచ్చినట్టే, మెట్రో పనులు జరిగే రోడ్ల మీద ఆ కడగడం ఇంకా తరచుగా జరగాలి. అలంకరణ పట్టీల్లో ఒక ముక్క ఆరిపోతే పాత రంగుతో సరిపోలే ముక్క రెండేళ్ల తర్వాత దొరకదు, కాబట్టి విడి భాగాలను టెండరులోనే కొని నిల్వ చేయించాలి.

టెండరు పత్రంలో వీధిదీపాల పక్కనే అలంకరణ దీపాలను చేర్చి, రెండింటికీ కనీసం ఐదేళ్ల నిర్వహణను ఒకే కాంట్రాక్టరుకు అప్పగించి, చెల్లింపులో కొంత భాగాన్ని వెలుగు కొలతకు ముడిపెట్టడం ఆచరణలో సాధ్యమైన పని. ఆ కొలత కష్టమేమీ కాదు. ఒకే వరుసలోని రెండు స్తంభాల మధ్య రోడ్డును గళ్లుగా విభజించి, పూర్తిగా చీకటి పడ్డాక, ఆగి ఉన్న వాహనాలు లేనప్పుడు ప్రతి గడిలో లక్స్ మీటరును నేల మీద ఉంచి రాసుకోవాలి; సర్వీస్ రోడ్డు మీద, ఫుట్‌పాత్ మీద అదే పని చేసి, బస్సు ఎక్కే చోట్ల మీటరును మనిషి ముఖం ఎత్తున నిలువుగా పట్టుకుని మరోసారి కొలవాలి. సగటునూ అత్యల్పాన్నీ విడివిడిగా నమోదు చేసిన ఆ పట్టికను పని అప్పగించిన రోజున ఒకసారి, మూడో ఏడు నిండాక మరోసారి తయారు చేయించి, వాటి ప్రతిని ఇవ్వమని వార్డు సమావేశంలో ఏ నివాస సంఘమైనా అడగవచ్చు.